సగం పాము

పామును చంపితే ఏం చేయాలో సూర్యప్రభగారికి తెలుసు. సగం పామును చంపితే ఏం చేయాలో మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆ మంగళవారం పొద్దున పెరట్లో కుళాయి పక్కన ఎగిరెగిరి పడుతున్న వేలెడంత ముక్కను చూస్తూ, చేతిలో పూలసజ్జతో అలాగే నిలబడిపోయారు. రాగిరంగు ముక్క. నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ఒకసారి చుట్ట చుట్టుకుంటోంది, మరుక్షణం బారుగా సాగి గచ్చు మీద టపటపా కొట్టుకుంటోంది. ఎదురుగా సంతోషి కొబ్బరి చీపురును రెండు చేతులా బిగించి పట్టుకుని ప్రహరీకి ఆనుకుని ఉంది. ఎనిమిదో నెల ఆమెకు. గుండె దడకు కడుపు మీది నైటీ కూడా అదురుతోంది.

"ఏం చేశావే అమ్మాయ్?"

"ఇటుక జరిపిన ఆంటీ, నీళ్లు పోతలేవని. కిందికెల్లి సర్రుమని ఒచ్చింది. పాదం మీదికే ఒచ్చిందనుకొని కొట్టిన."

"మిగతాది ఏదీ?"

సంతోషి చీపురు కొసతో చూపించింది. అటు పక్క కనకాంబరాల సిమెంటు తొట్టి ఉంది, మేడ మీద గది వేసినప్పుడు మిగిలిన ఇసుక ఉంది, విరిగిన ఇటుకలున్నాయి. మిగతా సగం ఏ సందులో దూరిందో భగవంతుడికే తెలియాలి. ఆ పెరడు ఊడవడం, తొట్టికి నీళ్లు పోయడం కిరాయి మాట్లాడుకున్నప్పుడు అనుకున్న పనులు కావు. కానీ వెనక పోర్షన్‌లో దిగినవాళ్లు ఊడవాల్సిందేనన్నట్టు మొదటి రోజే సూర్యప్రభగారు చీపురు తెచ్చి గుమ్మానికి ఆనించి వెళ్లారు. అప్పట్నుంచీ అది అలాగే నడుస్తోంది.

సందడి విని సాంబమూర్తిగారు పేపరు మడుచుకుంటూ దిగి వచ్చారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి ఫైలు మీదా 'చర్చించవలెను' అని రాసి రిటైరైన మనిషి ఆయన. ముక్కను చూశారు, భార్యను చూశారు, మళ్లీ పేపరు విప్పుకున్నారు.

కాసేపటికి ముక్క కదలడం మానేసింది. సూర్యప్రభగారు దాన్ని కొబ్బరి పీచు మీదికి తోయించి, రెండు చెంచాల పాలు పోసి, కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని చెంపలు వేసుకున్నారు. అది మండి బూడిదయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. పీచు పొగకు కళ్లు మంటలు పుడుతున్నా సంతోషి కూడా కదల్లేదు.

"సగానికి చేస్తే చాలదమ్మా ఇది," అన్నారు సూర్యప్రభగారు చివరికి. "దెబ్బ తిన్న పాము ఊరుకోదు. కొట్టిన చోటికే వెతుక్కుంటూ వస్తుంది. కడుపుతో ఉన్నావు గనక నిన్ను చూడగానే దాని కళ్లు మసకేశాయి, కాటెయ్యలేకపోయింది. అదే నేనయ్యుంటే?"

సంతోషి చీపురు కింద పెట్టేసింది.

"అసలు కడుపుతో ఉన్నది పామును కొట్టొచ్చా? మీ ఊళ్లో చెప్పరూ? ఆ దోషం ఎక్కడికి పోతుంది?" ఆవిడ గొంతు తగ్గించారు. "చూడమ్మా, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇలాంటిది ఇంట్లో పెట్టుకుని నేను పీట వెయ్యలేను. ఈలోగా ఎక్కడైనా చూసుకోండి."

"ఎక్కడికి పోవాలె ఆంటీ, ఈ నెలల?"

ఆ మాట విననట్టే ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే ఈ మాట సూర్యప్రభగారి నోట్లో చాలాకాలంగా నానుతోంది. ఇల్లు ఇచ్చేటప్పుడే, మాంసం వండకూడదన్న మాటకూ మోటారు వేసే వేళల మాటకూ మధ్యలో, "మా ఇంట్లో పురుళ్లూ అవీ కుదరవమ్మా" అని చెప్పేశారు. అప్పుడు సంతోషి చున్నీ నిండుగా కప్పుకుని తలూపింది. చున్నీ ఎన్నాళ్లు దాస్తుంది?

*

మగ్గం ముందు కూర్చుంటే చేతులు మాట వినడం లేదు. కింద కూర్చోలేక చెక్క ఫ్రేమును రెండు స్టూళ్ల మీదికి ఎక్కించుకుని పని చేస్తోంది సంతోషి. వంకాయరంగు పట్టు, దాని మీద ముద్దబంతి పూలు. దిల్‌సుఖ్‌నగర్‌లోని షాపువాళ్లు వ్రతం లోపల ఇమ్మన్న జాకెట్టు. ఎడమచెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంటే కుడిచేతిలోని సూది పైనుంచి దిగి, దారాన్ని కొక్కెంతో పట్టుకుని పైకి లాగుతుంది. గొలుసులాగా ఒకదాని వెంట ఒకటి కుట్టు పడుతుంది. గుడ్డ బిగుతుగా ఉంటేనే ఆ పని నడుస్తుంది. మధ్యలో ఫ్రేము విప్పితే పట్టు సాగి పూలన్నీ వంకర పోతాయి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు మగ్గం విప్పకుండా ఎలా చేస్తారు?

కడుపులో బిడ్డ కదిలింది. సంతోషి సూది ఆపేసింది. పామును కొట్టిన తల్లి కడుపున పుట్టిన బిడ్డకు ఒళ్లంతా పొలుసులు లేస్తాయని చిన్నప్పుడు విన్న మాట గుర్తొస్తోంది. ఆమెకు చచ్చేంత భయంగా ఉంది. స్నానాల గదిలో నీళ్లు పోయే తూముకు గోనెపట్టా కుక్కింది. మంచం కాళ్ల కింద చూసింది. మళ్లీ చూసింది.

భర్త సాయికుమార్‌కు ఫోన్ చేసింది. అతను ఎల్‌బీ నగర్ నుంచి సూర్యాపేటకు కారు తిప్పుతాడు.

"శుక్రవారం లోపల పొమ్మంటుంది," అంది.

"పాము కరిచిందా నిన్ను?"

"లేదు."

"మరి పాముకు లేని కోపం ఆమెకెందుకు?" అన్నాడు. నవ్వించాలని అన్నాడు గానీ అతని గొంతులోనూ నవ్వు లేదు. "రేపు సూర్యాపేటకు పోను. మీర్‌పేట్ దిక్కు పోయి ఇండ్లు చూద్దం."

సాయంత్రం మేడ మీద గదిలో ఉండే సౌజన్య తలుపు తట్టింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెప్తుంది. రోజంతా అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"పొద్దున ఏదో పాము లొల్లంట?"

సంతోషి జరిగిందంతా చెప్పింది. సౌజన్య చెప్పులు విప్పకుండానే నిలబడి వింది.

"రక్తం కారిందా?"

"చుక్క గూడ లేదక్కా."

"తెగినంక ఎగిరింది గదా? చానాసేపు?"

"చానాసేపు. సావనే లేదు."

"నీ దెబ్బకు తెగలేదది. అదే తెంపుకుంది." సౌజన్య అక్కడే గడప మీద కూర్చుంది. "నలికిరి గావొచ్చు సంతోషీ. పాము గాదు, బల్లి జాతి, చిన్న కాళ్లుంటయ్. మెత్తమట్టిల ఉంటది, మట్టిల ఈతగొట్టినట్టు పోతది. చెదలు, ఎర్రలు తిని బతుకుతది. ఎవరన్న మీదికొస్తే తోక తెంపి ముందట పడేస్తది. తోక ఎగురుతుంటే మనం దాన్నే చూస్తం. అసలుది అప్పటికి దూరిపోయి ఉంటది. మళ్ల కొత్త తోక మొలుస్తది. పాతదానంత అందం ఉండదు, అంతే."

"మా ఊర్ల నలికిరి నాకితే సస్తరంటరు."

"నాకితే తడైతది. విషం లేదు దానికి."

సంతోషికి నమ్మాలనే ఉంది. కానీ తను చూసింది నిగనిగలాడే ఒక పరుగును. దానికి కాళ్లున్నాయో లేవో చూడలేదు. చూపించడానికి ముక్క కూడా లేదు, దహనమైపోయింది.

సౌజన్య ఊరుకోలేదు. తిన్నగా మొదటి అంతస్తుకు వెళ్లింది. మెట్ల దగ్గర నిలబడిన సంతోషికి సూర్యప్రభగారి మాటలే స్పష్టంగా వినిపించాయి.

"మీ పాఠాలు మీ పిల్లలకు చెప్పుకోండమ్మా. పాలు పోసి కాల్చింది నేను. పాము కాకపోతే అంతసేపు ఎందుకు కొట్టుకుంటుంది?" సౌజన్య ఏదో నచ్చచెప్పబోయింది. తర్వాత మళ్లీ ఆవిడే అన్నారు. "సరే, పురుగే అనుకోండి. అయినా ఖాళీ చెయ్యమన్నది చెయ్యమన్నదే. నెలలు నిండిన మనిషి, రేపో మాపో నొప్పులంటుంది. ఆ మైల నాకెందుకూ?"

సౌజన్య మొహం మాడ్చుకుని దిగి వచ్చింది. ఏమందో చెప్పబోతే, విన్నానన్నట్టు సంతోషి చెయ్యి ఊపింది.

*

మీర్‌పేట్‌లో టు-లెట్ బోర్డులకు కొదవ లేదు. కొదవంతా తలుపు తీసిన మనుషుల దగ్గరే ఉంది. ముందు సాయికుమార్ మాట్లాడేవాడు. అంతా కుదిరినట్టే ఉండేది. ఆ తర్వాత సంతోషి కారు దిగి వచ్చేది. వాళ్ల చూపు మొహం మీది నుంచి కడుపు మీదికి దిగేది. గొంతులు మారిపోయేవి.

"ఎన్నో నెలమ్మా?" అంది ఒకావిడ, గేటు గడియ మీద చెయ్యి వేసి.

"ఎనిమిది."

"కానుపైనంక రారాదు? అప్పుడు మాట్లాడుకుందం."

"ఇల్లు ఇప్పుడు గదమ్మా కావాల్సింది," అంది సంతోషి.

"అమ్మగారింటికి పోవా మరి?"

"అమ్మ లేదు."

ఆవిడ అయ్యో అన్నది. నిజంగానే బాధపడింది పాపం. బాధపడుతూనే గేటు గడియ పెట్టింది.

తిరిగి వస్తుంటే సంతోషి పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. సాయికుమార్ సిగ్నల్ దగ్గర బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు.

"ఊరికి పోతవా? మా అమ్మ చూసుకుంటది."

"దవాఖానల ఏం జెప్పిండ్రు? బీపీ ఎక్కువుంది, దగ్గర్ల ఉండుమన్నరు. ఊర్ల రాత్రిపూట నొప్పులొస్తే ఎవరు తీస్కపోతరు?"

సిగ్నల్ పడింది. వెనక బళ్లు హారన్లు కొట్టాయి. సాయికుమార్ బండి కదిలించి, కొత్తపేటలో తాముండే సందులోకి తిప్పాడు. దిగేటప్పుడు అతను, "రేపు ట్రాలీ ఆటో తెస్త. సామాను మా దోస్తు షెడ్డుల ఏసి, నిన్ను ఊర్ల దింపుత. ఇంక దారి లేదు," అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బీపీ పెరుగుతుందని దాన్ని కూడా మింగేసింది.

*

గురువారం పొద్దున సూర్యప్రభగారు కిటికీలోంచే కేకేశారు.

"పోయేముందు ఆ తొట్టి మట్టి తిరగేసి ఇసుకలో పోసి పోండమ్మా. దాంట్లో దూరిందో ఏమో. చెట్లు పోతే పోయాయి."

చూడండి మరి. పాము పగబట్టిందన్న మనిషిని, అదే పాము దూరిందనుకుంటున్న తొట్టిలో చెయ్యి పెట్టమంటున్నారు ఆవిడ. సంతోషికి ఒళ్లు మండింది. అయినా ఒక పాత ఇనుప గరిటె తీసుకుని, చిన్న పీట వేసుకుని తొట్టి పక్కన కూర్చుంది. సాయికుమార్ ట్రాలీ మాట్లాడటానికి పోయాడు.

తొట్టి కింది అంచున చెయ్యి పట్టేంత పగులు ఉంది. అక్కణ్నుంచి ఎండుమట్టి రాలి సన్నటి దారి పడింది. గరిటె కొసతో మట్టిని కొద్దికొద్దిగా పక్కకు లాగింది. ఎండిన ఆకులు, మట్టి, ఒక ఎర్ర, మళ్లీ మట్టి. ఇంకొంచెం లాగేసరికి ఏదో నిగనిగలాడింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లేచి పరుగెత్తాలనుకుంది, ఆ ఒంటితో ఒక్కసారిగా లేవడం రాలేదు. కాబట్టి చూసింది.

అది పారిపోలేదు. చిటికెనవేలంత లావుంది. అంత మట్టిలో ఉన్నా ఒంటి మీద రవ్వ మట్టి అంటలేదు. మొద్దుగా ఉన్న ముక్కు. తోక ఉండాల్సిన చోట ఎండిన మొండి. ఒంటి పక్కన, ఎవరో మర్చిపోయి అతికించినట్టు, చీమంత కాలు ఒకటి. ఇవతల ఇంకొకటి. వెనక రెండు. సంతోషి వంగి మళ్లీ చూసింది. పాముకు కాళ్లుండవు. దాని ఒంటి వంపులో చిక్కుడుగింజలంత తెల్లటి గుడ్లు, మూడో నాలుగో, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పారిపోయే దారి పగులు రూపంలో పక్కనే ఉన్నా అది వాటి చుట్టూ ఇంకాస్త ముడుచుకుంది.

"నీయవ్వ," అంది సంతోషి మెల్లగా. "నువ్వానే?"

మూడు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయేసరికి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా బిడ్డకేం కాదు, అనుకుంది. అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఏం కాదు, ఏం కాదు అని పైకే అంది.

క్లాసుకు బయల్దేరి మెట్లు దిగుతున్న సౌజన్య ఆ మాటలు విని అటు వచ్చింది. తొట్టిలోకి తొంగి చూసి, బ్యాగు కింద పెట్టేసి, మోకాళ్ల మీద కూర్చుంది.

"అబ్బ. గుడ్లు గూడ పెట్టింది." గొంతు పూర్తిగా మారిపోయింది. "కన్ను చూడు. కింది రెప్పల అద్దం లాంటి పొలుసుంటది. రెప్ప మూసినా దానికి కనపడతది, మట్టి పడదు. తోకల దాచుకున్న కొవ్వంత పోయింది గదా, పాపం నీరసం మీదుంటది." ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టింది. "పద, ఇప్పుడు చూపిస్త ఆంటీకి. కాళ్లు లెక్కబెట్టుకొమ్మంట."

"వద్దక్కా."

"ఎందుకు?"

సంతోషి గరిటెతో మట్టిని మళ్లీ ఆ గుడ్ల మీదికి, దాని వీపు మీదికి మెల్లగా జరిపింది. పైన ఎండుటాకులు పరిచింది.

"చూపిస్తే ఏం జేస్తది? కాగిన నీళ్లు తెచ్చి పోస్తది దీని మీద. నన్ను ఎట్లయిన పొమ్మనే అంటది, మొన్న విన్నవు గదా." గరిటె పక్కన పెట్టింది. "ఇది పాము గాదంటే ఆమెకు భయం పోతది. భయం పోతే నాతోని ఏం పనక్కా ఆమెకు?"

సౌజన్య అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది.

"అబద్ధం చెప్తవా?"

"నేనేం జెప్ప. ఆమె మాటే ఆమెకు చెప్త."

సౌజన్య కాసేపు ఫోను వైపు, కాసేపు తొట్టి వైపు చూసింది. పాఠం చెప్పేవాళ్లకు ఇది కష్టమైన పని. అయినా ఫోను బ్యాగులో వేసి జిప్పు లాగేసింది.

*

ట్రాలీ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సాయికుమార్ బీరువా ఎక్కించాడు, గ్యాస్ పొయ్యి ఎక్కించాడు. మగ్గం ఫ్రేమును విప్పకుండా అలాగే నిలువునా పట్టుకుని తెస్తుంటే దాని మీద ముద్దబంతులు సగం సగం మెరుస్తున్నాయి. సూర్యప్రభగారు మెట్ల మీద నిలబడ్డారు. ఆవిడ వెనక సాంబమూర్తిగారు. క్లాసుకు పోవాల్సిన సౌజన్య పోకుండా పైమెట్టు మీదే ఉంది.

సంతోషి తాళంచెవి తెచ్చి మెట్టు మీద పెట్టింది.

"పోతున్న ఆంటీ."

"మంచిదమ్మా. జాగ్రత్తగా ఉండు."

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి." సంతోషి గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు. ఈ మాట తప్పితే ఇంకో మాట లేదని ఆమెకు తెలుసు. "కొట్టిన చోటికే ఎతుక్కుంట ఒస్తదన్నరు గద. నేను ఊర్ల ఉన్న సంగతి దానికెట్ల తెలుస్తది?"

సూర్యప్రభగారు మెట్ల పక్క గోడ పట్టుకున్నారు.

"ఈడికే ఒస్తది గద ఆంటీ. నేనుంటే నన్ను జూసి దాని కండ్లు మసకేస్తయ్. మీరే అన్నరు. నేను లేకపోతే..." ఆ మాట అక్కడే వదిలేసింది. "అంకుల్‌ను కుళాయి కాడికి రానియ్యకుండ్రి. పొద్దుగాల పూలకొచ్చేటప్పుడు మీరు గూడ జర కింద చూస్కోని రండ్రి."

సూర్యప్రభగారి చూపు కుళాయి మీద పడింది. ఇసుక మీదికి, ఇటుకల మీదికి, కనకాంబరాల తొట్టి మీదికి పోయింది. చివరికి తన పాదాల మీదికి దిగింది. ఆవిడ ఒక మెట్టు పైకెక్కారు.

"ఆ తొట్టి తిరగేశావా?"

"లేదు. ఆడ కదిలించుడు మంచిది గాదు ఆంటీ."

"ఏమండీ," అన్నారు సూర్యప్రభగారు, భర్త వైపు తిరగకుండానే. ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే అధికారం లేదు.

సాంబమూర్తిగారు కళ్లజోడు తీసి లాల్చీతో తుడుచుకున్నారు. "ఇందులో చర్చించడానికేమీ లేదు ప్రభా," అన్నారు. "ఉండమను."

సూర్యప్రభగారు పమిట సర్దుకున్నారు. మాట మార్చుకోవడానికి మనిషికి కాస్త వ్యవధి కావాలి, మర్యాద కూడా కావాలి. ఆ రెండూ దొరికాక అన్నారు. "అంతేలే. రేపు వ్రతం పెట్టుకుని కడుపుతో ఉన్నదాన్ని గుమ్మం దాటించడం ఏం శుభం? అయ్యేవరకూ ఉండు."

"అయినంక?"

"అయినాక చూద్దాం."

సంతోషి తాళంచెవి ముట్టుకోలేదు. "కానుపు దవాఖానల అయితది. బిడ్డను ఎత్తుకొని ఈడికే ఒస్త. సరే అంటేనే సామాను దింపుతం. లేకుంటే ట్రాలీ ఆయనను ఊకె ఎందుకు ఆపాలె?"

సాయికుమార్ మగ్గం పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తన పెళ్లాం ఇంత మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

సూర్యప్రభగారు మరోసారి తొట్టి వైపు చూశారు.

"రా. ఇక్కడికే రా," అన్నారు.

లోపల బీరువా మళ్లీ దాని చోట పెట్టాక సాయికుమార్ గుసగుసగా అడిగాడు. "నిజంగనే పామానే?"

"ముందు మగ్గం స్టూళ్ల మీద పెట్టు. రేపటికి జాకెట్ ఇయ్యాలె," అంది సంతోషి.

*

శుక్రవారం పొద్దున సూర్యప్రభగారు పట్టుచీరలో పూలసజ్జ పట్టుకుని వచ్చి మెట్ల మీదే ఆగిపోయారు.

"సంతోషీ, ఆ కనకాంబరాలు కాస్త కోసిపెట్టమ్మా."

సంతోషి సజ్జ అందుకుంది. పూలు ఒక్కొక్కటే గిల్లుతుంటే మొక్కల మొదట్లో ఎండుటాకులు కదిలాయి. మట్టి కొంచెం లేచింది. మొద్దుముక్కు ఒకటి బయటికొచ్చి, ఆమె నీడ పడగానే ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. మట్టి సర్దుకుంది. సంతోషి నాలుగు ఆకులు పైకి జరిపింది.

"ఏమైనా కదిలిందా అక్కడ?" అన్నారు సూర్యప్రభగారు మెట్టు మీది నుంచి.

"ఒచ్చింది ఆంటీ. నన్ను జూసి ఎనకకు పోయింది."

సూర్యప్రభగారు చెంపలు వేసుకున్నారు. పూలు అందుకుంటూ, మొదటిసారిగా, ఆమె కడుపు వైపు భయభక్తులతో చూశారు. సాయంత్రం వాయనాలు పంచేటప్పుడు పేరంటానికి వచ్చిన ముత్తైదువులందరినీ ఆపి, మొదటి వాయనం వెనక పోర్షన్‌కు పంపించారు.